కాఫీ డబ్బాలో ముగిసిన కేసు

కోతల రోజుల్లో మా లండ్‌విక్ చుట్టుపక్కల లారీలు తోలేవాళ్ళ నేరాలన్నీ ఒక కాఫీ డబ్బాలోకి చేరేవి. ఆ డబ్బా ధాన్యం గోదాములో కాటా పక్కన ఉండేది. గోదాము చూసేది క్లెమ్ నైగార్డ్. ఆగస్టులో కొండల మీద గోధుమ గలగలమంటుంటే, ఒక్క వాన పడితే ఏడాది కష్టం చేలోనే మొలకెత్తిపోతుందని గుండెలు పీకుతుంటే, వెనక దీపం వెలగలేదనో బరువు ఎక్కువైందనో పోలీసు రాసిచ్చిన చీటీ పట్టుకుని కోర్టుకు పోయే తీరిక ఎవరికుంటుంది? చీటీకి బెయిలు సొమ్ము చుట్టి డబ్బాలో పడేస్తే, క్లెమ్ శనివారం నాడు అన్నీ కలిపి మేజిస్ట్రేటుకు అప్పగించి వచ్చేవాడు. వాయిదా నాడు పేర్లు పిలుస్తారు. ఎవరూ పలకరు. బెయిలు జప్తు అని మేజిస్ట్రేటు రాసుకుంటాడు. నేరం ఒప్పుకున్నట్టూ అదే, శిక్ష అనుభవించినట్టూ అదే, కేసు మూసేసినట్టూ అదే. మా నాన్న హయాం నుంచీ ఇదే పద్ధతి. పొలానికి పోతూ మబ్బు చూసుకున్నంత మామూలు సంగతి.

మేజిస్ట్రేటు హొరేస్ పికెట్. ఊళ్ళో ఇనుప సామాను కొట్టు కూడా ఆయనదే. కోర్టు నడిచేది ఆ కొట్టు వెనక భాగంలో, మేకుల పీపాలకూ పాల బకెట్లకూ మధ్య. ఏప్రన్ కట్టుకుంటే కొట్టు యజమాని, అది విప్పి నల్లకోటు తొడిగితే జడ్జి. వాదనల మధ్యలో ఎవరైనా తలుపు బందుల కోసం వస్తే కోటు తీసి, ఏప్రన్ కట్టి, బేరం ముగించి, మళ్ళీ కోటు తొడుక్కుని వచ్చి కూర్చునేవాడు. కోటుతో ఉన్నప్పుడు పేరు పెట్టి పిలిస్తే ఆయనకు చెవులు వినిపించేవి కావు.

ఇక గుడ్రున్ ఎలింగ్‌సన్. ఊరంతటికీ గుడ్రునత్త. సెప్టెంబరు నుంచి మే దాకా బడి బస్సు నడుపుతుంది. వేసవిలో సొంత పొలం గోధుమను ఎర్రలారీలో గోదాముకు తోలుతుంది. ఊళ్ళో ముప్పయ్యేళ్ళ లోపు వాళ్ళలో ఆమె బస్సెక్కి చదువుకోని వాడు లేడు. రైలు పట్టాల దగ్గర బస్సాపి, తలుపు తెరిచి, "నోళ్ళు మూయండి, చెవులు తెరవండి" అని ఆమె అంటే, పిల్లలు ఊపిరి కూడా ఆపుకుని రైలు చప్పుడు వస్తుందేమోనని వినేవాళ్ళు. చట్టం బస్సును ఆపమంది గానీ పిల్లల్ని వినమనలేదు. అది ఆమె పెట్టిన నియమం.

ఆ ఏడు ఆగస్టులో ఆమె నిండు లారీతో గోదాముకు వెళ్ళే వాలు దిగుతోంది. వాలు అడుగున అడ్డరోడ్డు వస్తుంది. దానికి కాస్త ఎగువన 'ఆగు' అని బోర్డు. అడ్డరోడ్డు మీద అప్పుడే ఆర్విడ్ హాగెన్ పోలీసు కారులో వస్తున్నాడు. ఆర్విడ్ కొత్తగా ఉద్యోగంలో చేరాడు. అంతకుముందు పన్నెండేళ్ళు గుడ్రునత్త బస్సులో మూడో వరస కిటికీ అతనిదే. లారీ, కారు అడ్డరోడ్డు మీద కలుసుకున్నాయి. దెబ్బ ఎవరికీ తగల్లేదు. లారీ పక్క తలుపు మాత్రం ఊడిపడి గోధుమలన్నీ కారు మీదికి జారాయి. మేం పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి గోధుమ గుట్ట ఒకటి, దాని పైన కారు నెత్తి మీది ఎర్రదీపం, అంతే కనిపించాయి. కాసేపటికి అవతలి కిటికీలోంచి ఆర్విడ్ పాకుతూ బయటపడ్డాడు. జేబుల్లో గోధుమలు, బూట్లలో గోధుమలు, టోపీ ఎక్కడో లోపల. ఊళ్ళో కోళ్ళన్నిటికీ కబురు ఎవరు చెప్పారో గానీ అవి అప్పటికే వచ్చేశాయి.

అందరూ నవ్వేసరికి అతనికి మండింది. చీటీ రాసేశాడు, ఆగు బోర్డు దగ్గర ఆగలేదని. "నేనాగానురా" అని గుడ్రునత్త అంది. "అది కోర్టులో చెప్పుకోండి" అని అతనన్నాడు. ఆమె కూడా అదే అనుకుంది. కోతలయ్యాక తీరిగ్గా వెళ్ళి చెప్పుకుందామని చీటీని గోదాము గోడకు మేకుతో కొట్టి, అరువు లారీ కోసం పరిగెత్తింది.

క్లెమ్ ఆ చీటీని చూశాడు. పాపం, హడావుడిలో మరిచిపోయిందనుకున్నాడు. మంచి మనిషి, తన జేబులోంచే బెయిలు సొమ్ము తీసి చీటీకి చుట్టి డబ్బాలో వేశాడు. వాయిదా నాడు హొరేస్ పేరు పిలిచాడు. గుడ్రునత్త కొండ మీద కోత యంత్రం వెనకాల దుమ్ములో ఉంది. బెయిలు జప్తయింది.

కోతలయ్యాక ఆమె గోదాముకొచ్చి గోడ వంక చూసి, నా చీటీ ఏదని అడిగింది. క్లెమ్ మురిసిపోతూ నీ పని ఎప్పుడో అయిపోయిందన్నాడు. ఏం పని అయిందో అర్థమయ్యాక ఆమె అతను పోసిన కాఫీని అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మా దగ్గర ఒకళ్ళు పోసిన కాఫీ తాగకుండా లేచి వెళ్ళడమంటే చిన్న విషయం కాదు. క్లెమ్ ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదని వాళ్ళావిడ చెప్పింది.

నిజానికి ఆ జప్తు వల్ల ఆమెకొచ్చిన నష్టం ఏమీ లేదు. బడి కమిటీ వాళ్ళు కూడా కోతల చీటీలను లెక్కపెట్టరు. కమిటీలో సగం మంది చీటీలు అదే డబ్బాలోంచి వెళ్ళినవే. భర్త నెల్స్ కూడా, పోనీ వదిలెయ్ అన్నాడట. ఆమె వదిలేసేదే, బడి తెరవకపోతే.

బడి తెరిచిన మొదటి రోజు పట్టాల దగ్గర బస్సాపి తలుపు తెరిచింది. వెనక వరసల్లోంచి ఎవరో, "ఇవాళ ఆగిందర్రోయ్" అన్నారు. బస్సంతా నవ్వింది. ముందు సీట్లో కూర్చునే ఎల్సీ అనే పిల్ల మాత్రం నవ్వలేదు. ఆమె మొహంలోకి చూస్తూ అడిగింది. "గుడ్రునత్తా, నువ్వు నిజంగానే ఆగలేదా? కోర్టులో ఒప్పేసుకున్నావంట కదా, మా నాన్న చెప్పాడు."

ఆ రోజు ఆమె నోళ్ళు మూయమని అనలేదు. పిల్లలు గోల చేస్తూనే ఉన్నారు, ఆమె ఒక్కతే చెవులు రిక్కించి విని, బస్సు పట్టాలు దాటించింది.

అదే వారం వెండెల్ కార్‌లైల్ కొట్టులోకి కాగితాల సంచితో వచ్చాడు. ఇతను కౌంటీ ప్రాసిక్యూటరు, సముద్రం పక్కనున్న పెద్ద ఊరి నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. బూట్లు తళతళలాడుతుంటాయి. మనిషి చెడ్డవాడు కాదు గానీ, పోలీసు కారు గోధుమల్లో మునిగితే కౌంటీ అంతా పండగ చేసుకుందని బాగా నొచ్చుకున్నాడు. పైగా ఆ కారు ఇంజను సందుల్లో మిగిలిన గింజలు సెప్టెంబరు తొలి వానకు మొలకెత్తాయి. ముందు జాలీలోంచి పచ్చగా గోధుమ మొక్కలు తొంగిచూస్తుంటే, ఎరువు వేశావా ఆర్విడూ అని జనం అడగడం మొదలుపెట్టారు. చట్టానికి మర్యాద దక్కాలంటే ఆగు బోర్డు కేసు చాలదు, ప్రమాదకరంగా బండి నడిపిందన్న పెద్ద కేసు పెట్టాలని కార్‌లైల్ తేల్చుకున్నాడు. అది రుజువైతే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే బస్సు పోతుంది. కానీ ఆ జప్తు అడ్డం. అందుకని దాన్ని కొట్టేయమని అడగడానికొచ్చాడు.

హొరేస్ కోటు తొడుక్కుని అంతా విన్నాడు. ఆ రోజు కొట్టు నిండా జనం, మేకులు కొనే వంకతో వచ్చినవాళ్ళే ఎక్కువ. విని, కుదరదన్నాడు. ఒకసారి ఈ సంగతి మీద కేసు నడిచింది, బెయిలు జప్తయింది, అంటే శిక్ష పడినట్టే. అదే సంగతికి మనిషిని రెండోసారి బోనెక్కించకూడదని ఈ దేశం రాజ్యాంగం రాసుకున్నప్పుడే అనుకుంది. మీ పోలీసు చిన్న చీటీ రాశాడు, అది ముగిసింది, ఇప్పుడు పెద్దది గుర్తొచ్చిందంటే చెల్లదు. కార్‌లైల్ ఇంకో రెండు పుస్తకాలు తెరిచాడు. హొరేస్ మూడోది తెరవొద్దన్నాడు.

జనం నవ్వుకుంటూ లేవబోయారు. క్లెమ్ మొహం వెలిగిపోయింది. తన కాఫీ డబ్బా ఆమెను కాపాడిందని అతనికి అప్పుడే తట్టింది. సరిగ్గా అప్పుడు గుడ్రునత్త బకెట్ల పక్కనుంచి లేచి నిలబడింది.

"జడ్జిగారూ, ఆయన అడిగితే కుదరదు సరే. నేనడిగితే కుదురుతుందా?"

"ఏం అడిగితే?"

"ఆ జప్తు కొట్టెయ్యండి. నేను బెయిలు కట్టలేదు, కోర్టుకు రానని అనలేదు. నాకు విచారణ కావాలి."

కొట్టులో ఎవరో చేతిలో మేకులు జారవిడిచారు. హొరేస్ లేచి కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. ఏప్రన్ కట్టుకుని బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమె పక్కన ఒక పీపా మీద కూర్చున్నాడు.

"నీకేమైనా మతిపోయిందా గుడ్రున్?" అన్నాడు మెల్లగా. కానీ అందరికీ వినిపించింది. "ఆ జప్తు నీకు అడ్డుగోడ. అతను దాన్ని పడగొట్టలేడు. నువ్వే పడగొట్టావనుకో, మళ్ళీ గోడ ఉందని అనడానికుండదు. అతను పెద్ద కేసుతో నేరుగా నీ ఇంట్లోకొస్తాడు. బస్సు పోతుంది."

"తెలుసు హొరేస్."

"మరి?"

"పిల్లలు నన్ను అడుగుతున్నారు, ఆగలేదా అని. గోడ చాటున కూర్చుని ఆగానని చెబితే నమ్ముతారా? వాళ్ళు నమ్మకపోతే ఆ బస్సు నాకెందుకు, ఎవరైనా తోలుకోవచ్చు. పో, వెళ్ళి నీ కోటేసుకో."

హొరేస్ గొణుక్కుంటూ వెళ్ళి కోటేసుకున్నాడు. మళ్ళీ అదే ప్రశ్న జడ్జి గొంతుతో అడిగాడు, ఆమె అదే జవాబు చెప్పింది. జప్తు కొట్టేశాడు. క్లెమ్ కూలబడ్డాడు. కార్‌లైల్ మాత్రం తనకు కావలసింది దొరికినా సంబరపడలేదు. ఎక్కడో ఏదో తేడా ఉందన్నట్టు ఆమెను చూస్తూ నిలబడ్డాడు.

కార్‌లైల్ పెట్టిన పెద్ద కేసుకు పై వారం విచారణ పెట్టారు. జూరీకి ఆరుగుర్ని తీశారు, అందులో నేనొకణ్ణి. ఆరుగురమూ గోధుమ పండించేవాళ్ళమే. గోధుమ పండించనివాడు కావాలంటే పక్క కౌంటీ నుంచి తేవాలి. మమ్మల్ని తిరగేసిన మేకుల పీపాల మీద కూర్చోబెట్టారు. గుడ్రునత్త లాయరును పెట్టుకోలేదు. నోరు నాదే కదా అంది.

ఆర్విడ్ బోనులోకొచ్చాడు. బోనంటే పెయింటు డబ్బాల పక్కనున్న కుర్చీ. కార్‌లైల్ అడిగినవాటికి బాగానే చెప్పాడు. లారీ వాలు మీద ఆగకుండా దిగిందని, తనకు తప్పుకునే వ్యవధి లేకపోయిందని. నేను ఆర్విడ్‌ని చిన్నప్పట్నుంచి ఎరుగుదును. అబద్ధమాడుతున్నట్టు అనిపించలేదు. చూసింది చెప్పడం లేదు, అనుకున్నది చెబుతున్నాడు. గుడ్రునత్త ఉద్యోగం మా పీపాల కింద నలుగుతోందని అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఆమె లేచింది. చేతిలో కాగితం ఏమీ లేదు. అతని ముందుకొచ్చి నిలబడింది.

"ఆర్విడూ, నిటారుగా కూర్చో."

అతను చటుక్కున సర్దుకుని కూర్చున్నాడు. కార్‌లైల్ అభ్యంతరం చెప్పబోయి, దేని మీద చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

"నీ కారు మీద గోధుమలు పడ్డాయి కదా. ఆ ముచ్చట ఒకసారి చెప్పు. జూరీవాళ్ళు సరిగ్గా వినలేదేమో."

ఆ ముచ్చట మేమందరం విననిదేం కాదు. నెల రోజులుగా కాఫీ తాగే ప్రతి చోటా అతను చెబుతూనే ఉన్నాడు. నవ్వేవాళ్ళ నోరు మూయించడానికి చెప్పడం మొదలుపెట్టి, చివరికి అదొక అలవాటైపోయింది. అందుకని ఇప్పుడు కూడా ఆగలేదు.

"పడ్డాయా అత్తా? కుమ్మరించినట్టు పడ్డాయి. లారీడు గోధుమలూ నా మీదే. నా వైపు తలుపు తెరుచుకోలేదు, అద్దం మూసుకుపోయింది, లోపల చీకటి. కిటికీ సందులోంచి మెడలోకి కారుతున్నాయి. బతికుండగానే గాదెలో పెట్టి మూసేసినట్టుంది."

"అన్నీ నీ మీదేనా? రోడ్డు మీద కూడా పడి ఉంటాయిలే."

"రోడ్డు మీదా?" ఆర్విడ్ గొంతు పెరిగింది. ఎవరో తన కష్టంలో కోత కోస్తున్నట్టు బాధపడ్డాడు. "రోడ్డు మీద చారెడు గింజలు లేవు. కొలిచి పోసినట్టు ఒక్కటే కుప్ప, నేను దాని కింద. కావాలంటే కోళ్ళనడగండి, అవి కూడా..."

అక్కడ ఆగిపోయాడు.

మా ఆరుగురిలో ఎవరూ పక్కవాడి మొహం చూడలేదు, చూస్తే నవ్వొస్తుందని. ఆ వాలు మీద నిండు లారీ ఆగకుండా దిగుతూ పక్క తలుపు ఊడిందంటే గోధుమలు గోదాము గుమ్మం దాకా గీత గీసినట్టు పరుచుకుంటాయి. ఒకే కుప్ప పడాలంటే లారీ నిలబడైనా ఉండాలి, లేదా నిలబడి అప్పుడే పాకడమైనా మొదలుపెట్టి ఉండాలి. ఆ కుప్పను మేమంతా కళ్ళారా చూశాం. పిల్లలు దాని మీద జారుడుబండ ఆడారు. నేను స్వయంగా పార పట్టుకుని ఎత్తాను. కానీ విచారణ లేకపోవడంతో ఎవరూ అడగలేదు, అడగకపోవడంతో ఎవరికీ తట్టలేదు. అంతా డబ్బాలో మూసిపెట్టేశాం.

ఆర్విడ్ కూడా గోధుమ పండించే ఇంటివాడే. చెవుల చివర్ల నుంచి మొదలై అతని మొహం మొత్తం ఎర్రబడింది. కార్‌లైల్ మాత్రం అందరి వంకా చూస్తున్నాడు, ఏదో జరిగిందని తెలుస్తోంది గానీ ఏమిటో తెలియడం లేదు.

"ఆర్విడూ," అంది ఆమె, ఈసారి నెమ్మదిగా, "నేను ఆగడం నువ్వు చూడలేదు. అంతేనా?"

"చూళ్ళేదత్తా."

"ఎందుకు చూళ్ళేదు?"

అతను టోపీ అంచు తిప్పాడు. "అమ్మ ఆలూబుఖారా కేకు ఇచ్చి పంపింది, చర్చి విందుకి. మలుపులో సీటు మీంచి జారింది. పట్టుకున్నా. తలెత్తేసరికి లారీ ఎదురుగా ఉంది. ఆగకుండా వచ్చిందనుకున్నా."

"కేకు ఏమైంది?" అని కొట్టులో వెనక నుంచి ఒక ఆడగొంతు పలికింది. అది వాళ్ళమ్మ.

"గోధుమల్లో పోయిందమ్మా."

"నాలుగు గంటలు చేశాను," అందామె.

హొరేస్ బల్ల మీద సుత్తితో కొట్టాడు. అది కొట్టులో అమ్మే సుత్తే, ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. కార్‌లైల్ లేచాడు. అతనికి విషయం ఎవరు చెప్పారో చూడలేదు. పక్కనున్న క్లెమ్ చెవిలో ఊదినట్టున్నాడు. కేసు వెనక్కి తీసుకుంటానన్నాడు. మొహం చిన్నబుచ్చుకుని కాదు, నవ్వు ఆపుకుంటూ అన్నాడు. నాకు ఆ రోజు నుంచే ఆ కుర్రాడంటే ఇష్టం.

గుడ్రునత్త ఒప్పుకోలేదు. "వెనక్కి తీసుకుంటే తీసుకున్నట్టే ఉంటుంది గానీ, నేను ఆగినట్టు ఎక్కడుంటుంది? ఆరుగుర్ని పీపాల మీద కూర్చోబెట్టారు కదా, వాళ్ళని చెప్పమనండి."

మమ్మల్ని పెయింటు గదిలోకి పంపారు. మా జూరీ పెద్ద ఎమిల్ పైపు వెలిగించేలోపు తీర్పయిపోయింది. కానీ హొరేస్ భార్య అప్పుడే వేడి డోనట్లు, ఒక కూజా కాఫీ లోపలికి పంపింది. బయటికెళ్తే ఇవి అందరికీ పంచాలి. అందుకని ఇంకాస్త లోతుగా ఆలోచించాం. బయట జనం, లోపల పెద్ద గొడవే జరుగుతోందని బెంగపడ్డారట. నెల్స్ అంత మౌనంగా ఉండే మనిషి లేచి రెండుసార్లు తలుపు దాకా వచ్చి వెళ్ళాడట. అది తెలిశాక మాత్రం డోనట్లు తిన్నందుకు కొంచెం బాధేసింది. బాగున్నాయి కూడా.

నిర్దోషి అని ఎమిల్ చదివాడు. మీసాల మీద పంచదార ఉంది. హొరేస్ కోటు విప్పి, ఆ సాయంత్రానికి కొట్టు మూసేశానన్నాడు. గుడ్రునత్త నేరుగా క్లెమ్ దగ్గరికెళ్ళి, కాఫీ ఉందా అని అడిగింది. క్లెమ్ గోదాము దాకా పరిగెత్తాడు, అంత లావు మనిషి. కాటా పక్కన డబ్బా మాత్రం అక్కడే ఉంది. కాకపోతే ఆ తర్వాతి కోతల్లో ప్రతి చీటీకి ముందు, ఇది ఒప్పుకుంటావా, పోరాడతావా అని క్లెమ్ అడిగేవాడు. లారీవాళ్ళు విసుక్కునేవాళ్ళు.

మర్నాడు ఉదయం బస్సు పట్టాల దగ్గరికి వచ్చింది. మా అమ్మాయి అందులోనే ఉంది, ఇంటికొచ్చి ఆపకుండా చెప్పింది. గుడ్రునత్త బస్సాపి తలుపు తెరిచిందట. "నోళ్ళు మూయండి, చెవులు తెరవండి" అందట. బస్సంతా సద్దుమణిగింది. రైలు చప్పుడు లేదు. దగ్గర్లో ఎక్కడో ఇంకో బండి తలుపు తెరుచుకున్న చప్పుడు మాత్రం వచ్చింది. పిల్లలందరూ వెనక అద్దంలోంచి చూశారు. బస్సు వెనక పోలీసు కారు ఆగి ఉంది, ముందు జాలీలోంచి గోధుమ మొక్కలు జానెడు పెరిగి గాలికి ఊగుతున్నాయి. తలుపు తెరిచి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆర్విడ్ నిటారుగా కూర్చుని వింటున్నాడు.

"ఆగాడు," అందట ఎల్సీ.

గుడ్రునత్త అద్దంలో చూసి, తలుపు మూసి, బస్సు కదిలించింది.